ముల్లు ఎంత దిగిందో గంటతో సహా రాసుకోండి

మా హాల్లో గోడకి, గాలి పీడనం కొలిచే అరచేయంత ఇత్తడి బారోమీటరు ఉంది. సరుకు ఓడల్లో ఇరవై ఆరేళ్లు మేటుగా (కెప్టెను కింది అధికారిగా) చేసి, విశాఖలో దిగిపోయినప్పుడు వెంట తెచ్చుకున్నాను. దాన్ని చదవడం ఎలాగని ఎవరడిగినా ముందు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ సంగతి చెబుతాను. అది వినకపోతే ఈ పని మీద శ్రద్ధ కుదరదు.

1805లో ఇంగ్లండులో పుట్టాడు. లెఫ్టినెంటు పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకుని, 23 ఏళ్లకే బీగిల్ ఓడకు కెప్టెనయ్యాడు. తర్వాత డార్విన్‌ని ఎక్కించుకుని ప్రపంచం చుట్టి వచ్చింది ఈయనే. 1829 జనవరి 30న దక్షిణ అమెరికాలో, లా ప్లాటా నది ముఖద్వారం దగ్గర బారోమీటరులో పీడనం పడిపోతూ వచ్చింది, అంటే పెనుగాలి వచ్చే సూచన. కుర్ర కెప్టెను, పని తొందర, దాని మీద ఇంకా గురి లేదు. పాంపెరో అనే అక్కడి పెనుగాలి ఒక్కసారిగా కొట్టింది. ఓడ పక్కకు ఒరిగిపోయింది, తెరచాప కొయ్యల పైభాగాలు విరిగాయి, ఇద్దరు నావికులు పోయారు. ఆ తర్వాత ఆయన బారోమీటరును ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

ఇక మన పని. ఎండ తగలని గోడకి తగిలించండి. కిటికీలు మూసి ఉన్నా ఫరవాలేదు, పీడనం లోపలా బయటా ఒకటే. వాతావరణ కేంద్రం ఆ గంటకి ఇచ్చిన సముద్రమట్టపు పీడనం చూసి, వెనక ఉన్న చిన్న మరను తిప్పి ముల్లును అక్కడికి తెండి. అది నిమ్మళంగా ఉన్న రోజున చేయాలి. చదివే ముందు అద్దం మీద గోటితో మెల్లగా తట్టండి, పట్టేసిన ముల్లు కదులుతుంది. డయలు మీద ‘వాన’, ‘పొడి’ అన్న మాటలు చల్లని దేశాల కోసం రాసినవి, వాటిని వదిలేయండి.

అసలు కిటుకు గంటలో ఉంది. మన వైపు పీడనం రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పదికి ఎక్కువ. తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగుకి తక్కువ. తేడా మూడు మిల్లీబార్ల (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. అందుకని సాయంత్రం దిగిందని కంగారుపడకండి. నిన్న ఇదే గంటకి ఎంతుందో దాంతో పోల్చండి. ఆ నెలలో ఆ గంటకి ఉండాల్సిన దానికన్నా మూడు తగ్గితే గంటగంటకీ చూడండి. ఐదు తగ్గితే తుపాను దగ్గర్లోనే ఉందనుకోండి.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు. పొద్దున్న ఎక్కాల్సిన వేళ ముల్లు దిగుతూనే ఉంది. పెన్సిలుతో రాస్తుంటే నా చెయ్యి వణికింది. మధ్యాహ్నం తుపాను కన్ను మా మీదికి వచ్చి గాలి ఆగిపోయింది. పక్కింటి కుర్రాడు చెట్టు పడిందని చూడ్డానికి బయటికి పోబోతే రెక్క పట్టుకుని ఆపాను. బాగా కిందికి పోయిన ముల్లు గబగబా పైకి లేస్తే ఇంకా గట్టి గాలి వస్తుందని ఫిట్జ్‌రాయ్ సూత్రం. అలాగే ఎదురు దిక్కు నుంచి వచ్చింది.

దిక్కు కూడా రాసుకోండి. బీచిలో గాలికి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి పక్కకు చాపి, కాస్త వెనక్కి తీసుకెళ్లండి. మన అర్ధగోళంలో అల్పపీడనం దాదాపు అటే ఉంటుంది. ఇళ్ల మధ్య సందుల్లో గాలి మలుపు తిరుగుతుంది, అక్కడ ఈ లెక్క పనికిరాదు.

1859 అక్టోబరులో రాయల్ చార్టర్ ఓడ వేల్స్ తీరాన బద్దలై నాలుగు వందల మందికి పైగా పోయారు. అప్పటికి వాతావరణ శాఖ నడుపుతున్న ఫిట్జ్‌రాయ్ ఊరుకోలేకపోయాడు. తీరం నుంచి టెలిగ్రాఫులో కొలతలు తెప్పించి, 1861 నుంచి రేవుల్లో తుపాను గాలి హెచ్చరికగా శంకువులు, పీపా ఆకారాలు ఎగరేయించాడు. శంకువు మొన పైకుంటే ఉత్తరపు గాలి, కిందికుంటే దక్షిణపు గాలి. మన పోర్టుల్లో పగటిపూట ప్రమాద హెచ్చరిక గుర్తులు ఇప్పటికీ శంకువులు, పీపాలే. డబ్బు లేని జాలరి రేవులకి బారోమీటర్లు ఇప్పించాడు. నాకు ఆయన మీద ప్రేమ కలిగింది అక్కడే.

1865లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మరుసటి ఏడాది హెచ్చరికలు ఆపేశారు. రేవుల వాళ్లు గట్టిగా అడిగితే 1867లో మళ్లీ మొదలుపెట్టారు.

నోటుబుక్కులో నాలుగు గళ్లు చాలు: తేదీ, గంట, పీడనం, గాలి దిక్కు. పదింటికీ నాలుగింటికీ చూడండి. ఈ రాత్రి పదికే మొదలుపెట్టండి.