నడుస్తున్న పాత స్పోర్ట్స్ కారు ఉన్నట్టుండి ఆగిపోతే జబ్బు ఎలా పట్టాలి?

ముందే చెప్తున్నా, ఆగిన బండిని వెంటనే స్టార్ట్ చేయాలని చూస్తే జబ్బు దొరకదు. అందరూ చేసేది అదే. మడికొండ దాటాక బండి ఆగిపోతుంది, అరగంట సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడతారు, ఈలోపు ఇంజిన్ చల్లబడి దానంతటదే స్టార్ట్ అవుతుంది. మర్నాడు గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ కొత్త అల్లుడిలా బుద్ధిగా నడుస్తుంది. ఇక మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? ప్లగ్గులు మార్చు, పంపు మార్చు, కాయిల్ మార్చు. నా 2002 మోడల్ బండికి ఇట్లనే మూడు పార్టులు మార్పించి, నాలుగోసారి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మే నెల ఎండలో నిలబడ్డాను. బండి చచ్చి పడి ఉన్న ఆ అరగంటే మీకు దొరికే సాక్ష్యం.

డిక్కీలో టెస్ట్ ల్యాంపు, మల్టీమీటర్, స్పార్క్ టెస్టర్ (ప్లగ్గుకు నిప్పురవ్వ వస్తుందో లేదో చూపేది), ఒక పానాల సెట్టు, పాత బనియన్ గుడ్డ, రెండు లీటర్ల చల్లటి నీళ్లు పెట్టుకోండి. అంతే.

బండి ఆగుతున్నప్పుడు క్లచ్ తొక్కకముందే ఒక్క సెకను ఆర్‌పీఎం ముల్లు చూడండి. గేరులో ఉంది కాబట్టి చక్రాలు ఇంజిన్‌ను ఇంకా తిప్పుతూనే ఉంటాయి. అయినా ముల్లు టక్కున సున్నాకు పడిపోయిందంటే ఇగ్నిషన్‌కు కరెంటు పోయిందో, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతున్న సంగతి కనిపెట్టి బండి కంప్యూటర్‌కు చెప్పే చిన్న పార్టు) సిగ్నల్ పోయిందో. ముల్లు స్పీడును బట్టి మెల్లగా దిగుతూ, బండి రెండు మూడు జర్కులు కొట్టి ఆగిందంటే పెట్రోల్ వైపు చూడండి. ఆ తర్వాత ఇండికేటర్లు రెండూ వేసి పక్కకు తీయండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు రెండు మూడు తొక్కుల దాకానే మెత్తగా పడుతుంది. తాళం మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పొద్దు, స్టీరింగ్ లాక్ అవుతుంది.

ఆగాక ముందు పెట్రోల్ మూత తెరవండి. గట్టిగా గాలి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే బండి స్టార్ట్ అయితే ట్యాంకు గాలిదారి మూసుకుపోయిందన్నమాట, జబ్బు దొరికినట్టే. లేదంటే తాళం ఆన్ చేసి చెవి వెనక సీటు వైపు పెట్టండి, పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమనాలి. మీటర్‌లో ఇంజిన్ లైటు కూడా వెలగాలి. లైటూ లేక, పంపూ మోగకపోతే మెయిన్ రిలే (ఇంజిన్‌కు కరెంటు వదిలే స్విచ్చు లాంటిది), ఫ్యూజు, తాళం కింది స్విచ్చు చూడండి. ఎండకు కాగిన పాత రిలేలో టంకం పగుళ్లు తేలడం మామూలే. పంపు ఒక్కటే మోగకపోతే దాని ప్లగ్గు దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే పంపును తిట్టండి. ట్యాంకు సగం కంటే తక్కువ ఎప్పుడూ ఉంచొద్దు, పెట్రోల్‌లో మునిగి ఉంటేనే పంపు చల్లగా ఉంటుంది.

పంపు మోగుతోంది, లైటు వెలుగుతోంది, సెల్ఫ్ తిరుగుతోంది, అయినా స్టార్ట్ కాలేదా? అసలు చిక్కు ఇక్కడే. స్పార్క్ టెస్టర్ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. ప్లగ్గు వైరును చేత్తో పట్టుకుని చూపించే హీరోలు ఉంటారు, మీరు ఆ పని చేయొద్దు. షాకు సంగతి అటుంచితే, ఎర్త్ లేకుండా గాల్లో వదిలిన వైరు కాయిల్‌ను, ఇగ్నిషన్ మాడ్యూల్‌ను కాల్చేయగలదు. స్పార్క్ లేకపోతే అనుమానం క్రాంక్ సెన్సర్ మీద. లోపలి సన్నని తీగ వేడికి సాగి తెగినట్టవుతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. అందుకే ఇంట్లో కొలిస్తే బాగానే ఉన్నట్టు చూపిస్తుంది.

ఇప్పుడు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, సెన్సర్ మీద మాత్రమే వేయండి. నీళ్లు గుమ్మరించొద్దు. పక్కనే ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ ఉంటుంది, ఆవిరికి చేయి కాలుతుంది, పోత ఇనుము పగలొచ్చు కూడా. గుడ్డ పలచగా ఉంటేనే సెన్సర్ చుట్టూ ఒదుగుతుంది కాబట్టి బనియన్ అన్నాను, టవల్ పనికిరాదు. రెండు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి. మిగతా ఇంజిన్ ఇంకా సలసల కాగుతుండగానే టక్కున అందుకుంటే దొంగ దాదాపు దొరికినట్టే.

ఈ రెండు నిమిషాల్లో ఇంకేదీ ముట్టుకోవద్దు. రిలే మీద కొట్టడం, బ్యాటరీ టెర్మినల్ కదపడం, వైరు లాగడం, ఏదీ వద్దు. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే, ఆరు వేలు పోయాయి. తేలకపోతే మళ్లీ ఆగేదాకా బండి నడపండి, తప్పదు.

రెండు వైర్ల సెన్సర్ అయితే మల్టీమీటర్‌తో చల్లగా ఒకసారి, కాగినప్పుడు ఒకసారి ఓమ్స్ కొలవండి. వేడిలో రీడింగ్ అంతులేకుండా పోతే సెన్సర్ పోయింది. మూడు వైర్లదైతే చాలావరకు హాల్ రకం (లోపల తీగచుట్టకు బదులు అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు ఉండేది), దానికి ఓమ్స్ కొలత పెట్టొద్దు. కనెక్టర్ క్లిప్పు మెల్లగా నొక్కి తీయండి, ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది.

బండి కంప్యూటర్‌లో పడ్డ తప్పుల కోడ్ చదివే స్కానర్ పెట్టిస్తే సరిపోదా అంటారు. పాత బండికి దాన్ని తగిలించే సాకెట్టే ఉండకపోవచ్చు, ఉన్నా ఇట్లా వచ్చిపోయే జబ్బుకు కోడ్ పడకపోవడం చాలాసార్లు చూశాను.

కొత్త సెన్సర్ బిగించేముందు అది కూర్చునే రంధ్రంలో పేరుకున్న ఇనుప పొడి తుడవండి. టెస్ట్ డ్రైవ్ పొద్దున పూట చేసి సంబరపడొద్దు. మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసుకుని హసన్‌పర్తి మీదుగా కరీంనగర్ రోడ్డు పట్టండి, పాత సెన్సర్‌ను కూడా డిక్కీలోనే ఉంచుకుని.