పాత బుల్లెట్‌లో వాల్వ్ ఫ్లోట్: స్ప్రింగ్, రిటైనర్ ఎంపిక

సమస్య: పోత ఇనుప ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్ 350కి పదునైన క్యామ్‌లు (వాల్వ్‌లను తెరిపించే ఉబ్బెత్తు భాగాలు), పెద్ద కార్బ్యురేటర్ అమర్చిన తరువాత బండి ఒక వేగం దాకా చక్కగా లాగి, అక్కడ ఒక్కసారిగా బలం కోల్పోయి, టపటపమని చప్పుడు చేస్తూ అంతకు మించి తిరగదు. థ్రాటిల్ తగ్గించగానే మళ్ళీ మామూలుగా నడుస్తుంది.

కారణం: క్యామ్ కొన దాటేటప్పుడు వాల్వ్‌ను అదిమి పట్టి ఉంచే బలం స్ప్రింగ్‌కు చాలకపోతే టాపెట్ (క్యామ్ మీద ఆని కదిలే భాగం) క్యామ్‌ను వదిలి పైకి తేలుతుంది, దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. కదిలే భాగాల జడత్వ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 5000 ఆర్‌పీఎం నుంచి 6000కు వెళ్తే వేగం 20 శాతమే పెరిగినా ఆ బలం 44 శాతం పెరుగుతుంది. అయితే పాయింట్ల (స్పార్క్ సమయాన్ని నిర్ణయించే కాంటాక్టుల) స్ప్రింగ్ నీరసించినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందు పాయింట్లు మార్చి చూడాలి. ఆ తరువాత కూడా ఏ గేరులోనైనా అదే ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతుంటే వాల్వ్‌లనే అనుమానించాలి. పై గేర్లలో, ఎక్కువసేపు పూర్తి థ్రాటిల్‌తో నడిపినప్పుడు మాత్రమే ఆగుతుంటే పెట్రోల్ చాలడం లేదని అర్థం.

పరిష్కారం: దొరికిన వాటిలో అన్నిటికంటే గట్టి స్ప్రింగ్ వేయడం పరిష్కారం కాదు. అవసరానికి మించిన బలం క్యామ్‌ను, టాపెట్ అడుగును, రాకర్ (వాల్వ్‌ను నొక్కే మీట) బుష్‌లను తినేస్తుంది, టాపెట్ కదలికను రాకర్‌కు చేర్చే పుష్‌రాడ్‌ను వంచుతుంది. ముందుగా వాల్వ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ ఎత్తును కొలిచి, అదే ఎత్తుకు నొక్కి బలం చూడాలి. బలం కాస్త తగ్గితే షిమ్ (స్ప్రింగ్ కింద వేసే పలుచని వాషర్) చాలు: మిల్లీమీటరుకు 2 కిలోల చొప్పున బలం పెరిగే స్ప్రింగ్ కింద 1 మి.మీ. షిమ్ వేస్తే 2 కిలోలు కలుస్తాయి. కానీ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానినొకటి తాకకుండా మొత్తం మీద కనీసం 1.5 మి.మీ. ఖాళీ మిగలాలి, రిటైనర్ (స్ప్రింగ్‌ను వాల్వ్ కాడకు పట్టి ఉంచే పై బిళ్ళ) అడుగుకూ వాల్వ్ గైడ్‌కూ (వాల్వ్ కాడ జారే గొట్టానికీ) మధ్య కూడా అంతే ఉండాలి. పెద్ద లిఫ్ట్ క్యామ్ (వాల్వ్‌ను ఎక్కువగా తెరిచేది) వేసినవారు ఎక్కువగా మరచిపోయేది ఈ రెండో కొలతనే. లోపలి, బయటి స్ప్రింగ్‌లు వ్యతిరేక దిశల్లో చుట్టినవై ఉండాలి, లేకపోతే ఒకదాని చుట్లు మరొకదానిలో ఇరుక్కుంటాయి.

రిటైనర్ వాల్వ్‌తో పాటే కదులుతుంది కనుక అక్కడ తగ్గించిన ప్రతి గ్రామూ స్ప్రింగ్ పనిని తేలిక చేస్తుంది. టైటానియం తేలికే అయినా స్ప్రింగ్ కూర్చునే చోట అరుగుతుంది. రోజూ తిరిగే బండికి మంచి ఉక్కు రిటైనరే నేను సూచిస్తాను. వాల్వ్ లాక్‌ల (రిటైనర్‌ను వాల్వ్ కాడకు బిగించే చిన్న ముక్కల) వాలు, రిటైనర్ లోపలి వాలు ఒకటే కావాలి. తేడా ఉంటే లాక్ జారి వాల్వ్ సిలిండర్‌లోకి పడిపోతుంది.

6000 ఆర్‌పీఎం దగ్గర 90 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఈ ఇంజిన్‌లో పిస్టన్ సగటు వేగం సెకనుకు 18 మీటర్లు అవుతుంది కనుక, ఆ భారాన్ని మోసే బిగ్ ఎండ్ బుష్ (కనెక్టింగ్ రాడ్ కింది చివరి బేరింగ్) బాగుందని తేలనిదే ఆ వేగానికి స్ప్రింగ్ ఎంచుకోకూడదు.

కొత్త స్ప్రింగ్‌లు వేశాక కొన్ని వందల కిలోమీటర్లకు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్‌లను వేళ్ళతో తిప్పి చూడాలి. వదులు పెరుగుతుంటే క్యామ్ లేదా టాపెట్ అరుగుతోంది. బిగుసుకుంటుంటే వాల్వ్ సీటు దిగుతోంది. రెండింటిలో ఏది కనిపించినా స్ప్రింగ్ బలాన్ని మళ్ళీ కొలవాలి.