పిలాటిస్ స్టూడియో ఫీజులు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సమస్య: మనుషులు వస్తూనే ఉన్నారు, నెలాఖరుకు డబ్బు మిగలడం లేదు

మిగతా ఇబ్బందులలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది కనుక ముందుగా దీన్నే పరిశీలించాలి. పిలాటిస్ (శరీర బలాన్ని, వంగే గుణాన్ని పెంచే వ్యాయామ పద్ధతి) నేర్పే స్టూడియోల యజమానులలో చాలామంది పక్క స్టూడియో ఫీజు చూసి, దానికి కొంచెం తగ్గించి తమ ఫీజు పెడతారు. కానీ ఆ స్టూడియో అద్దె ఎంతో, శిక్షకులకు ఎంత ఇస్తున్నదో, యంత్రాల మీద ఎంత అప్పు ఉన్నదో మనకు తెలియదు. మరికొందరు తమ ఖర్చునే లెక్కవేస్తారు గానీ, దాన్ని మొత్తం సీట్లతో భాగిస్తారు. అసలు పొరపాటు అక్కడ జరుగుతుంది.

ఎనిమిది రిఫార్మర్లు (స్ప్రింగులు, తాళ్లు, కదిలే పలక ఉన్న పిలాటిస్ యంత్రాలు) ఉన్న గదిలో వారానికి 25 క్లాసులు నడిపితే 200 సీట్లవుతాయి. వాటిలో 130 మాత్రమే నిండుతుంటే, ఖర్చంతా మోసేది ఆ 130 సీట్లే. రూపాయలైనా, మరే కరెన్సీ అయినా సరే, వారం ఖర్చు 10,400 అనుకోండి. 200తో భాగిస్తే సీటుకు 52 వస్తుంది, 130తో భాగిస్తే 80 వస్తుంది. క్లాసును 60కి అమ్ముతున్న యజమాని సీటుకు 8 లాభం వస్తున్నదని నమ్ముతూ, నిజానికి నిండిన ప్రతి సీటు మీద 20 పోగొట్టుకుంటున్నారు.

గత మూడు నెలల హాజరును ముందు పెట్టుకుని ఈ లెక్కను మళ్లీ చేయండి. ఖర్చులో అద్దె, జీతాలతో పాటు స్ప్రింగులు, తాళ్లు మార్చే ఖర్చు, బుకింగ్ సాఫ్ట్‌వేర్ చందా, ఆన్‌లైన్ చెల్లింపుల మీద పోయే కమీషన్ కూడా ఉండాలి. యజమాని తానే క్లాసులు చెబుతుంటే ఆ గంటలకు కూడా మరొక శిక్షకునికి ఇచ్చేంత జీతం వేసుకోవాలి. లేకపోతే మీరు జబ్బుపడిన వారమే ఆ ఫీజు చాలదని తేలుతుంది. మ్యాట్ క్లాసులో సీట్లను నేల వైశాల్యం నిర్ణయిస్తుంది, రిఫార్మర్ క్లాసులో యంత్రాల సంఖ్య నిర్ణయిస్తుంది కనుక రెండింటి లెక్కలూ వేరుగా వేయడం మంచిది. వ్యక్తిగత శిక్షణ కూడా అదే గదిలో జరుగుతుంటే, ఆ గంటలో నడవాల్సిన బృంద క్లాసు ఆదాయం పోతున్నదన్న సంగతి దాని ఫీజులో కనిపించాలి.

ఫీజు చాలడం లేదని క్లాసులో మనుషులను పెంచడాన్ని మాత్రం నేను సమర్థించలేను. స్ప్రింగుల మీద, కదిలే పలక మీద పని చేస్తున్నవారిని ఒక శిక్షకుడు కళ్లారా చూడగలిగేంత మందే క్లాసులో ఉండాలి.

సమస్య: అపరిమిత సభ్యత్వమే ఎక్కువగా అమ్ముడవుతోంది, ఆదాయం మాత్రం తగ్గుతోంది

పై స్టూడియోయే ఫీజు సవరించి ఒక్క క్లాసును 100కు, నెలకు అపరిమిత సభ్యత్వాన్ని 900కు అమ్ముతున్నదనుకుందాం. నెలకు 12 సార్లు వచ్చే సభ్యురాలి నుంచి సీటుకు 75 మాత్రమే వస్తుంది. అది 80 ఖర్చు కంటే తక్కువ. ఆరుసార్లే వచ్చేవారి నుంచి సీటుకు 150 వస్తుంది గానీ, తాము వాడుకోని డబ్బు కడుతున్నామని గ్రహించగానే వారు మానేస్తారు. రానివారి డబ్బుతో వచ్చేవారి నష్టాన్ని పూడ్చాలనుకోవడం ఎక్కువ కాలం నిలవదు, న్యాయం కూడా కాదు.

అపరిమిత సభ్యుల సగటు హాజరును ముందు తెలుసుకోండి. అది 12 అయితే, 80 ఖర్చు పోను 8 మిగిలేలా సీటుకు కనీసం 88 దక్కాలంటే నెల ఫీజు 1,056 ఉండాలి. వారానికి రెండుసార్లు వచ్చేవారికి ఎనిమిది క్లాసుల నెల పథకాన్ని 720కి ఇస్తే సీటుకు 90 వస్తుంది, వారికీ తాము కట్టినదంతా వాడుకున్న తృప్తి ఉంటుంది. ఫీజుల పట్టికలో ముందు కనిపించాల్సింది ఆ పథకమే.

సమస్య: ప్యాకేజీలు అమ్మిన నెల కళకళలాడుతుంది, తరువాతి నెలలు వెలవెలబోతాయి

పది క్లాసుల ప్యాకేజీకి ముందుగా తీసుకున్న డబ్బు ఇంకా సంపాదించిన డబ్బు కాదు, అది బాకీ. క్లాసు జరిగినప్పుడే దాన్ని ఆదాయంగా రాసుకోవాలి. గడువు లేని ప్యాకేజీలు ఆపి, సహేతుకమైన గడువును కొనే సమయంలోనే స్పష్టంగా చెప్పండి.

సమస్య: సాయంత్రం వెయిటింగ్ లిస్టు, మధ్యాహ్నం ఖాళీ యంత్రాలు

అన్ని వేళలకూ ఒకే ఫీజు ఉండడం దీనికి ఒక కారణం. ఖాళీ వేళలకే చెల్లే తక్కువ ఫీజు సభ్యత్వం పెట్టవచ్చు, సాయంత్రం ఫీజును మాత్రం తగ్గించనక్కరలేదు. వెయిటింగ్ లిస్టు ఉన్నా క్లాసులో యంత్రాలు ఖాళీగా ఉంటే, బుక్ చేసి రానివారి వల్లనే అలా జరుగుతోందని అర్థం. అపరిమిత సభ్యులకు రాకపోయినా నష్టం లేదు కనుక వారిలో ఇది ఎక్కువ. 12 గంటల ముందు రద్దు చేయకపోతే చిన్న రుసుము వేసే నియమాన్ని అందరికీ సమానంగా అమలు చేయండి.

సమస్య: పెంచాలని తెలుసు, సభ్యులు పోతారన్న భయం ఆపుతోంది

భయాన్ని అంకెలతో కొలవండి. ఫీజు 100 నుంచి 110కి పెరిగితే, వందమందిలో తొమ్మిదిమంది మానేసినా మిగిలిన 91 మంది నుంచి 10,010 వస్తుంది. మునుపు వచ్చినది 10,000. కనీసం నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయండి. పాత సభ్యులకు పాత ఫీజు కొనసాగించదలిస్తే దానికి ముగింపు తేదీ కూడా ఆ లేఖలోనే ఉండాలి, ఎందుకంటే తేదీ లేని మినహాయింపును తరువాత తొలగించడం ఫీజు పెంచడం కంటే కష్టం.