క్రిప్టో వాలెట్‌ను కొత్త కంప్యూటర్‌కు క్షేమంగా మార్చడం ఎలా?

బిట్‌కాయిన్లు మీ కంప్యూటర్‌లో ఉండవు. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్క బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలో ఉంటుంది. మీ దగ్గరున్నది వాటిని ఖర్చు చేయనిచ్చే తాళంచెవి, అంటే ఒక రహస్య సంఖ్య మాత్రమే. దాన్ని దాచి ఉంచే ప్రోగ్రామే వాలెట్. మార్చవలసింది దాన్నే. అది కొత్త కంప్యూటర్‌లో పనిచేస్తుందని కళ్లారా చూసేదాకా పాతదానిలో ఒక్క ఫైలు కూడా తీసేయకండి.

ముందుగా రికవరీ పదాలు, అంటే ఆ తాళంచెవిని తిరిగి తయారుచేయనిచ్చే పదాలు రాసుకున్న కాగితం బయటికి తీయండి. చాలా వాలెట్లకు 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు ఉంటాయి. కాగితం దొరక్కపోతే పాత కంప్యూటర్‌లో వాలెట్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఆ పదాలు చూసి పెన్నుతో రాసుకోండి. వరుస మారితే పనికిరావు కాబట్టి ప్రతి పదం పక్కన అంకె వేయండి. ఫోటో తీయవద్దు, మెయిల్‌లో పెట్టవద్దు. ఎక్కువ వాలెట్లు పాటించే బిప్-39 ప్రమాణంలో ఈ పదాలన్నీ 2048 పదాల జాబితాలోనివే. అందులో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. కాగితం తడిసి పదం చివర మాసిపోయినా, ఆ నాలుగు అక్షరాలు కనిపిస్తే చాలు.

పదాలకు తోడు పాస్‌ఫ్రేజ్, అంటే మీరే ఎంచుకున్న అదనపు రహస్య మాట కూడా పెట్టుకున్నారేమో గుర్తుచేసుకోండి. దాన్ని తప్పుగా కొడితే వాలెట్ సాధారణంగా హెచ్చరించదు, ఖాళీగా ఉన్న మరో వాలెట్‌ను తెరుస్తుంది. సున్నా చూసి గుండె జారిపోతుంది కానీ, సొమ్ము ఎక్కడికీ పోలేదు. సరైన పాస్‌ఫ్రేజ్‌తో మళ్లీ ప్రయత్నించండి.

బిట్‌కాయిన్ కోర్ అనే వాలెట్ ప్రోగ్రామ్ వాడేవారికి ఈ పదాలు ఉండవు. ఫైల్ మెనూలోని బ్యాకప్ వాలెట్‌తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోవాలి. అంతకుముందే వాలెట్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.

ఇక కొత్త కంప్యూటర్. సిస్టమ్ అప్‌డేట్లు పూర్తయ్యాక వాలెట్ ప్రోగ్రామ్‌ను దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనలను నొక్కకండి, నకిలీ వాలెట్లు అక్కడే కాపు కాస్తుంటాయి. ప్రోగ్రామ్ అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఇస్తే సరిచూడండి. తరువాత "కొత్త వాలెట్" కాకుండా "రీస్టోర్" ఎంచుకుని పదాలు నింపండి, బిట్‌కాయిన్ కోర్ అయితే పెన్‌డ్రైవ్‌లోని కాపీని ఇవ్వండి.

రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టి, వాలెట్ చూపే మొదటి చిరునామా (సొమ్ము అందుకునే అక్షరాల వరుస) ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చండి. వేరుగా ఉంటే పాస్‌ఫ్రేజ్‌నో, చిరునామా రకాన్నో, డెరివేషన్ పాత్‌నో (పదాల నుంచి చిరునామాలను తయారుచేసే దారి) సరిచూడాలి. కలిస్తే కొత్త కంప్యూటర్ నుంచి చిన్న మొత్తం పంపి చూడండి. కాపీ చేసిన చిరునామాను అతికించే క్షణంలో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి, అందుకే పంపే ముందు చిరునామాను మొత్తం చదవండి.

పాత కంప్యూటర్‌లో వైరస్ ఉందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా, పాత పదాలను నమ్మకండి. శుభ్రమైన కంప్యూటర్‌లో కొత్త పదాలతో కొత్త వాలెట్ తెరిచి, సొమ్మంతా దానికి పంపేయండి.

అన్నీ సరిపోయాక పాత డిస్క్ సంగతి చూడండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన తాళంచెవి చెరిగిపోదు. కంప్యూటర్‌ను ఇతరులకు ఇచ్చే ముందు, డిస్క్ తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సాధనంతో దాన్ని పూర్తిగా తుడిచివేయండి.