పేరు తెలియని పాత గులాబీ పూయడం లేదా? ముందు కత్తెర పక్కన పెట్టండి

ఒడిశాలోని కొరాపుట్, జయపురం వైపు పాత తెలుగు ఇళ్లలో ప్రహరీ పక్కన ఒక గులాబీ పొద ఉంటుంది. సాలూరు నుంచి వచ్చిన కోడలు తెచ్చిందంటారు, ఏదో బంగళాలో తుంచుకొచ్చిందంటారు. మాలీని అడిగితే ‘దేశీ గొలాప్’ అంటాడు, అక్కడితో సరి. దాని గురించి నన్ను అడిగేవి రెండే: పువ్వు మారిపోయింది, లేదా అసలు పువ్వే లేదు. ఎండ, నీళ్లు, పశువుల ఎరువు సంగతి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పువ్వు మారిపోయింది

మొదలు దగ్గర మట్టి రెండు అంగుళాలు గోకి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని చేయరు, ఫోటోలు మాత్రం పది పంపుతారు. ఉబ్బిన అతుకు కనిపిస్తే అది అంటు మొక్క. అతుకు కింద నుంచి లేచిన కొమ్మ వేరుమూలానిది, అంటే మీ గులాబీని అంటు కట్టిన కింది మొక్కది; మారిన పువ్వు దానిదే. దాన్ని పుట్టిన చోటిదాకా తవ్వి పీకేయాలి. పైపైన కోస్తే మళ్లీ మళ్లీ లేస్తుంది. అతుకు పైన ఏమీ మిగల్లేదా, మీ గులాబీ ఎప్పుడో పోయింది.

అతుకే లేకపోతే కొమ్మ గుచ్చి పెంచిన మొక్క. ఏ పిలక వచ్చినా అదే గులాబీ. ‘ఈనెకి ఏడాకులుంటే అడవి కొమ్మ, కోసెయ్’ అంటారు, నమ్మకండి. పాత రకాల్లో చాలావాటికి ఏడేసి ఉంటాయి.

ఏపుగా ఉంది, మొగ్గ లేదు

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. హైబ్రిడ్ టీ గులాబీలకి, అంటే పొడుగు కాడకి పెద్ద పువ్వు పూసే ఇప్పటి రకాలకి, దసరా వెళ్లాక కత్తిరింపు వేస్తాం, కొత్త చిగురు మీద పూస్తాయి కాబట్టి. మా అత్తగారి పొదనీ అదే లెక్కన మూడేళ్లు మోకాలెత్తుకి కోశాను. వానాకాలంలో నిలువెత్తు కొమ్మలు, ఆ తర్వాత ఒక్క మొగ్గ లేదు. ఎముకల పొడి వేశాను, వేపపిండి వేశాను, ఇక్కడి ఎర్రమట్టిని తిట్టాను. మూడో ఏడు ఫాల్గుణంలో పక్కింటి ఒడియా మాస్టారు గోడ మీంచి గిన్నెడు పూలు అందించి, ‘మీ చెట్టువేనండీ’ అన్నారు. నా కత్తెర అందక అటు వాలిన రెండు కొమ్మలే పూశాయి.

ఏడాదికి ఒకసారే పూసే పాత గులాబీలు నిరుడు పెరిగిన కొమ్మ మీద పూస్తాయి. దసరాకి కోసిన కట్టెతోనే ఆ ఏటి పూత అంతా పోతుంది. పైగా కోసేకొద్దీ కొమ్మలు ఇంకా జోరుగా వస్తాయి, మనం మొక్క బాగుందని మురిసిపోతాం.

మీది ఏ జాతో తెలియదు కనక ఈసారి సగం కొమ్మలకి దారం కట్టి వదిలేయండి. మిగతా సగం దసరా వెళ్లాక ఎప్పటి లెక్కనే మోకాలెత్తుకి కోయండి. దారం కొమ్మలే పూస్తే సంగతి తేలిపోయింది: ఇకపై కత్తిరింపు పూత అయ్యాకే, ఎండలు ముదరకముందే. ఎండినవి, బాగా ముసలి కొమ్మలు మొదలంటా తీసి, పొడుగు కొమ్మల్ని విరక్కుండా వంచి కంచెకి అడ్డంగా కట్టండి. కణుపు కణుపుకీ పక్క రెమ్మలు వస్తాయి. వానల్లో వచ్చే కొత్త కొమ్మల జోలికి పోవద్దు. రెండు సగాలూ పూస్తే అది మళ్లీ మళ్లీ పూసే రకం, దానికి పైపై కత్తిరింపు చాలు.

కోసిన చోటి నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండితే పచ్చి భాగం దాకా కోసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ముదురు కొమ్మల మీద పొలుసు పురుగుంటే స్పిరిట్ దూదితో తుడవండి. పువ్వు మారింది వైరస్ వల్లేమోనని అడిగేవాళ్లు ముందు ఆ మట్టి గోకి చూసి రండి.