ఎడంచేతి సిపాయికి చెకుముకి తుపాకి

బొబ్బిలి యుద్ధం నాటకంలో ఫ్రెంచి సేనాని బుస్సీ సిపాయిలుగా వేషం కట్టే కుర్రాళ్లకి కవాతు నేర్పేది నేనే. తుపాకిలో చెకుముకిరాయిని కరిచి పట్టుకుని, మీట నొక్కగానే కొట్టి నిప్పు రాల్చే ముక్కని గుర్రం అంటాం. ఎడంచేతివాటం వాడు ఎవడొచ్చినా అడిగేది ఒకటే. "మాస్టారూ, ఎడంపక్క గుర్రం ఉన్న తుపాకి చేయించుకుంటే ఏటి?" వద్దు. నాదీ ఎడంచేతివాటమే, అయినా వద్దంటాను.

1757 జనవరి 24న కోట మీదికొచ్చిన పటాలంలో ఎవడి చేతివాటం ఎవడికి పట్టింది? ఆ కాలపు యూరప్ పటాలాల తుపాకులకి గుర్రం, చెకుముకిరాయి, రంజకపు గిన్నె (ముందుగా అంటుకునే చిటికెడు మందు పోసేది) కుడివైపే. ఎడంచేతివాడు కూడా కుడిభుజానికి ఆనించి కాల్చాల్సిందే. ఎడంపక్కవి లేకపోలేదు, దొరలు వేటకోసం ప్రత్యేకంగా చేయించుకున్నవి, అవీ అరుదే. సిపాయి చేతిలో అది అబద్ధం.

ఇంకో సంగతి. రంజకం అంటుకోగానే గొట్టం పక్కనున్న బెజ్జంలోంచి నిప్పు పక్కకి చిమ్ముతుంది. కుడివైపు తుపాకిని ఎడంభుజానికి పెడితే ఆ మంట మీ మొహం ముందే లేస్తుంది. పోనీ ఎడంవైపుదే పట్టుకుంటే, భుజాలు రాసుకుని నిలబడ్డ వరసలో అందరి నిప్పూ ఒక దిక్కుకి, మీ ఒక్కడిదీ ఎదురుదిక్కుకి. పక్కవాడి చెవి ఏమైపోవాలి? మందు పేల్చి చూపించే విదేశాల్లో గిన్నె పక్కన ఇత్తడి రేకు అడ్డం బిగించుకుంటారు. మనం మందు జోలికి పోం. నిజంగా పేలే తుపాకికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. చప్పుడంటారా, తెర వెనక రమడోలు ఉంది కదా.

చేతివాటం కంటే ఏడాది ముఖ్యం. అద్దె సామాన్లలో కనిపించేవి చాలావరకు 1857 తిరుగుబాటు నాటి పోలికవే. గుర్రం కొసన రాయిని కరిచే దవడలు లేక సుత్తిలా ఉంటే అది క్యాప్ (మందు పెట్టిన చిన్న లోహపు టోపీ) మీద కొట్టే రకం. పటాలాల్లోకి అది వచ్చింది 1830లు, 40లలో. పక్కన పెట్టెయ్యండి. ఫ్రెంచి 1728 మోడల్ బొమ్మ పట్టుకోండి. గొట్టం కర్రకి మూడు ఇనప పట్టీలతో బిగించి ఉంటుంది, లోపల గాళ్లు లేని నున్నటి గొట్టం, మూతి సుమారు 17.5 మిల్లీమీటర్లు. 1777 మోడల్ చూసి మాత్రం చెక్కించకండి. దాని కుందాకి (భుజానికి ఆనించే వెనకటి కర్రకి) ఎడంపక్క చెంప ఆనడానికి గుంట ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాతిది, పైగా ఎడంభుజానికి ఆ గుంట దండగ. 1794 పద్మనాభం యుద్ధం ఆడితే కంపెనీ సిపాయిలకి ఇంగ్లీషు బ్రౌన్ బెస్ రకం చేయించండి. దానికి పట్టీలుండవు, గొట్టాన్ని సన్న పిన్నులతో కర్రకి పట్టిస్తారు.

కుందా పనసకర్రతో చేయించమంటాను. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణలు తొలిచేది పనసతోనే, ఉలికి బాగా లొంగుతుంది. అసలు తుపాకిది వాల్‌నట్ కర్ర, పనస పచ్చగా ఉంటుంది కాబట్టి ముదురు గోధుమరంగు పట్టించాలి. గొట్టానికి పైపు వాడొద్దు. గుండ్రంగా చిత్రిక పట్టిన కర్రకి రంగు వేసి, మూతి దగ్గర కాస్త తొలిస్తే చాలు. అసలుది నాలుగు కిలోలు దాటుతుంది. కుందాలో ఇనపముక్కలు దాచి ఆ బరువు దగ్గరికి తీసుకురండి, లేకపోతే నడకలో సిపాయి కనబడడు, కర్రసాము కుర్రాడు కనబడతాడు.

కుడిచేత్తో నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాదు. తుపాకి ముందుభాగం బరువు మోసేది ఎడంచెయ్యే, మన బలమున్న చెయ్యి. కుడిచేతికి మిగిలేవి చిన్న పనులు. తూటా కాగితం పళ్లతో కొరకడం, గిన్నెలో చిటికెడు పోసినట్టు చెయ్యడం, మూత వెయ్యడం, గజంతో (పొడుగాటి ఊచతో) దట్టించడం, గుర్రం లాగడం. తూటాల సంచి కుడినడుముకే కట్టండి. గురి గురించి బెంగవద్దు, ఈ తుపాకులకి వెనక గురి ఉండనే ఉండదు, మీది ఎడంకన్నైనా ఒకటే.

ఎడంచెయ్యే ఆడించాలని మరీ పట్టుదలైతే బొబ్బిలి వీరుడి వేషం కట్టండి, కత్తి ఏ చేత్తోనైనా ఝళిపించొచ్చు. జామగీ తుపాకి (మండే వత్తితో అంటించేది) మాత్రం అడక్కండి, దాని రంజకపు గిన్నె కూడా కుడిపక్కే.

ఆటకి ముందురోజే ఆ ఊరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి ఉంచండి. బస్సులో తీసుకెళ్లేటప్పుడు గోనెసంచిలో చుట్టండి, ఆహ్వానపత్రం జేబులో పెట్టుకోండి.