పెద్దవాళ్ల ఫోన్‌కి కాపలా

పెద్దవాళ్లను ముంచే ఫోన్‌కాల్స్ ఎక్కువగా కంగారు మీదే నడుస్తాయి. "మీ ఖాతా ఆగిపోతోంది", "మీ మనవడికి యాక్సిడెంట్ అయింది", "ఎవరికీ చెప్పొద్దు, లైన్‌లోనే ఉండండి" అంటూ ఊపిరి తీసుకోనివ్వరు. అందుకే ముందు నేర్పాల్సింది ఫోన్ పెట్టేయడం. అవతలివాళ్లు మాట్లాడుతుండగా కట్ చేయడం చాలామంది పెద్దలకు మర్యాదగా అనిపించదు. "ఇంట్లోవాళ్లతో మాట్లాడి చెబుతాను" అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి, ఫోన్ పెట్టుకునే చోట అంటించండి. రెండుమూడుసార్లు వాళ్లచేత అనిపించండి కూడా. నోటికి అలవాటైన మాటే కంగారులో బయటికొస్తుంది.

ఆ తర్వాత బ్యాంకుకు తామే ఫోన్ చేయాలి, కార్డు వెనకున్న నంబరుకు. తెరమీద బ్యాంకు పేరు కనబడినా నమ్మొద్దు, దాన్ని నకిలీగా చూపించవచ్చు. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించే నంబరూ వద్దు. మోసగాళ్లు ప్రకటనల రూపంలో తమ నంబర్లు అక్కడ పెడుతుంటారు.

కొద్ది సెకన్ల రికార్డింగ్ దొరికితే చాలు, మనవడి గొంతును అచ్చు దించేయవచ్చు. అలాంటి ఫోన్ వస్తే అడగడానికి, ఇంటివాళ్లకే తెలిసిన గుర్తుమాట ఒకటి ఎదురెదురుగా కూర్చుని అనుకోండి. పుట్టినరోజు, ముద్దుపేరు పనికిరావు, అవి ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి.

ఇక సెట్టింగ్స్. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, మీరు పక్కన కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌కి వెళ్లి 6 అంకెల పిన్ పెట్టించండి. పొరపాటున ఓటీపీ చెప్పేసినా, ఈ పిన్ తెలియకుండా వాట్సాప్ ఖాతా చేజారడం కష్టం. మన ఫోన్ తెరను దూరంగా ఉన్నవాళ్లకు చూపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు అవసరం లేకపోతే తీసేయండి. వాటిద్వారా తెరమీద వచ్చే ఓటీపీ అవతలివాడికి కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అనుమతి బ్రౌజర్‌కి, వాట్సాప్‌కి ఆపేయండి. మెసేజ్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్‌ను ఎక్కించేవి) ఆ దారినే లోపలికొస్తాయి. తెలియని నంబర్లను మ్యూట్ చేసే సదుపాయం మంచిదే, కానీ డాక్టరు, ఆసుపత్రి నంబర్లు ముందే సేవ్ చేయకపోతే అవీ మోగవు.

*21* తో మొదలయ్యే నంబరేదైనా నొక్కమంటే నొక్కకూడదు. కాల్స్ అన్నీ, ఫోన్‌లో చెప్పే ఓటీపీతో సహా, మోసగాళ్లకు మళ్లిపోతాయి. అనుమానముంటే *#21# డయల్ చేసి చూడండి. మళ్లింపు కనబడితే ##21# నొక్కి తీసేయండి.

డబ్బు పోయిందా, నిమిషాల్లో బ్యాంకుకు చెప్పాలి. ఆలస్యమైతే అది ఖాతా నుంచి ఖాతాకు దాటిపోతుంది. ఫోన్‌లో మోసగాళ్లు పెట్టించిన యాప్ ఉంటే ముందు వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి పాస్‌వర్డ్‌లు మార్చండి. మెసేజ్‌లు, నంబర్లు చెరిపేయొద్దు, ఫిర్యాదుకు అవే ఆధారం. దయచేసి తిట్టకండి, తిట్టు తిన్నవాళ్లు రెండోసారి దాచిపెడతారు. ఆ రెండోసారి తరచూ వస్తుంది కూడా: "పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడికీ చెప్పాల్సింది ఫోన్ దగ్గర అంటించిన ఆ వాక్యమే.